నాకేటైనా ఉందా, పిల్లలకి కాదు, నాకు

వైజాగ్‌లో నేవీ వాళ్లు లేని వీధి వెతకడం కష్టం, అందులోనూ మా ఎన్ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం, మర్రిపాలెం, అటుపక్క మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక అయితే మరీను. ఈస్టర్న్ నేవల్ కమాండ్ ఇక్కడే, డాక్‌యార్డ్ ఇక్కడే, మా జంక్షన్ పేరులో ఉన్న ఎన్ఏడీ కూడా నేవీ వాళ్ల ఆయుధాల డిపోయే. సర్వీసులో ఉన్నన్నాళ్లూ రిటైర్ అయ్యాక సొంతూరు వెళ్లిపోతాం, టెక్కలిలో ఇల్లు కట్టుకుంటాం, సోంపేటలో కొబ్బరి తోట చూసుకుంటాం అని చెప్తారు గానీ తీరా బయటికొచ్చాక పిల్లల కాలేజీ ఒకటి, ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఆసుపత్రి దగ్గరని ఒకటి, క్యాంటీన్ ఒకటి, ఇవన్నీ కలిపి ఇక్కడే ఎక్కడో ఫ్లాటు తీసుకుని ఉండిపోతారు.

నాకు నేవీతో ఏ సంబంధమూ లేదు, మా ఇంట్లో యూనిఫాం వేసినవాళ్లే లేరు. నెట్ సెంటర్ నడుపుతాను, జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాన్ కార్డు, బస్సు టికెట్లు, అదీ ఇదీ. ఈ ఏరియాలో షాపు పెట్టినందుకు ఎక్స్ సర్వీస్‌మెన్ ఫారాలన్నీ నా చేతి మీదుగానే వెళ్తుంటాయి, అలా వాళ్ల రూల్సు వాళ్ల కంటే నాకే ఎక్కువ వచ్చేశాయి. కాలేజీలు తెరిచాక పీఎం స్కాలర్‌షిప్ సీజన్ మొదలవుతుంది, అప్పుడు షాపులో కూర్చోడానికి చోటుండదు. అందరూ అడిగేది ఒకటే, మా బాబుకి వస్తాదా, మా పాపకి వస్తాదా.

ఒకాయన మాత్రం పాప ఫారం అంతా అయ్యాక, ప్రింట్లు కవర్లో పెట్టుకున్నాక, వెళ్తూ వెళ్తూ ఆగి "తమ్ముడూ, నాకేటైనా ఉందా? చదువుకోడానికి?" అన్నాడు. నవ్వుతూనే అడిగాడు, నేనూ నవ్వేశాను. తర్వాత కూర్చుని వెతికితే, ఆయన చదువుకి ఫీజు ఇచ్చే పథకం ఏదీ నాకు దొరకలేదు. ఈ పోస్టు రాస్తున్నది అందుకే.

ముందు ఉన్నవి చెప్తాను, ఎందుకంటే చాలామందికి ఉన్నవి కూడా సరిగ్గా తెలీదు. పీఎంఎస్‌ఎస్ అని, అదే పైన చెప్పిన పీఎం స్కాలర్‌షిప్పు, కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చేది ఉంది, దేశం మొత్తానికి ఏడాదికి 5,500 మందికి. ఆడపిల్లలకి నెలకి 3,000, మగపిల్లలకి 2,500, ఏడాదికోసారి కలిపి అకౌంట్లో వేస్తారు, అంటే 36,000, 30,000. 2019కి ముందు 2,250, 2,000 ఉండేది. ఇంటర్లో 60 శాతం ఉంటే అప్లై చెయ్యొచ్చు, మన లెక్కలో వెయ్యికి ఆరొందలు, కానీ ఆరొందలు వచ్చినోడికి వస్తుందని కాదు, లిస్టు మార్కుల ప్రకారం పోతుంది. యుద్ధంలో చనిపోయినవాళ్ల పిల్లలు ముందు, తర్వాత గాయపడినవాళ్లు, సర్వీసులో పోయినవాళ్లు, మెడల్ ఉన్నవాళ్లు, అలా ఆరు వరసలు, మామూలుగా రిటైర్ అయినవాళ్ల పిల్లలది ఆఖరి వరస. మా షాపుకొచ్చేవాళ్లు దాదాపు అందరూ ఆ వరసే.

ఇందులో మెలిక ఏటంటే ప్రొఫెషనల్ కోర్సులే అవ్వాలి. బీటెక్, ఎంబీబీఎస్, బీ ఫార్మసీ, బీఈడీ, బీబీఏ, బీసీఏ, ఎంబీఏ, ఎంసీఏ, ఇలాంటివి. పిల్ల బీఏ చదువుతాను, బీకామ్ చదువుతాను అంటే లేదు. ఒకావిడ వచ్చింది, భర్త పోయాడు, కూతురు ఊళ్లోనే డిగ్రీ కాలేజీలో తెలుగు లిటరేచర్ తీసుకుని బీఏ చేరింది, ఇంటర్లో మంచి మార్కులు. ఫారంలో కోర్సుల లిస్టు కిందకీ పైకీ లాగి చూపించాను, బీఏ లేదమ్మా అని. ఆవిడ "అదేటి బాబూ, మా పిల్ల చదువు చదువు కాదా" అంది, నేనేం చెప్తాను. కూతుర్ని బీబీఏలోకి మార్చేద్దామా అని కూడా అడిగింది. స్కాలర్‌షిప్పు కోసం పిల్ల చదువు మార్చొద్దమ్మా అని చెప్పి పంపాను.

ఇక కాగితాలు. ఇది కొంచెం వివరంగా రాస్తాను ఎందుకంటే ఫారాలు వెనక్కొచ్చేది ఎక్కువగా ఇక్కడే. డిశ్చార్జ్ బుక్, పీపీఓ అనే పెన్షన్ ఆర్డరు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చే సర్టిఫికెట్, కాలేజీ బోనఫైడ్, బ్యాంకు మేనేజర్ సంతకం, ఇవన్నీ ఒకెత్తు, పేర్లు ఒకెత్తు. మనవాళ్ల పేరు పదో తరగతి మెమోలో ఇంటిపేరుతో ముందు మొదలవుతుంది, నేవీ రికార్డులో ఇంటిపేరు పొట్టి అక్షరమై ఉంటుంది, లేదంటే ఎవడో గుమాస్తా అప్పలనాయుడులో అప్పలని ఒక పేరూ నాయుడుని ఇంటిపేరూ చేసేసి ఉంటాడు. అప్పటినుంచి పదిహేనేళ్లు ఆయన ఓడలో అందరికీ నాయుడే. ఏ ఇబ్బందీ లేదు. కూతురు పుట్టినప్పుడు సర్వీసు రికార్డులో పిల్ల పేరు ఎక్కించమని ఇచ్చాడు, ఇంట్లో పిలిచే పేరు ఇచ్చాడు, అప్పటికి బడిలో చేర్చలేదు కదా. బడిలో వేరే పేరు రాయించారు. ఆధార్‌లో ఇంకోలా. పద్దెనిమిదేళ్ల తర్వాత ఈ మూడూ నా స్కానర్ మీదకొస్తాయి, మూడూ ఒక పిల్లవే, కానీ వెబ్‌సైటుకి ముగ్గురు పిల్లలు. అఫిడవిట్ రాయించాలి, రికార్డు ఆఫీసుకి పంపాలి, వాళ్లు దిద్ది పంపేసరికి ఆ ఏడాది గడువు అయిపోతుంది, మొదటి ఏడాది తప్పిపోతే మరి రెండో ఏడాది కొత్తగా పెట్టుకోడానికి లేదు, ఫస్టియర్లో చేరినవాళ్లకే. అందుకని సర్వీసులో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఇప్పుడే పిల్లల పేర్లు రికార్డులో సరిచూసుకోండి, యూనిట్‌లో ఉండగా ఒక కాగితంతో అయిపోయేది బయటికొచ్చాక ఏడాది తింటుంది.

ఇంకోటి ఎడ్యుకేషన్ గ్రాంట్, ఇది ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా, ఇద్దరు పిల్లలకి. చాలా ఏళ్లు నెలకి వెయ్యి రూపాయలే ఉండేది, 2025 అక్టోబరులో రెండు వేలు చేశారు, నవంబరు 1 నుంచి వచ్చిన అప్లికేషన్లకి. దీనికి కోర్సు గొడవ లేదు, బీఏ అయినా పర్లేదు, పైన చెప్పిన ఆవిడకి ఇదే పెట్టించాను. కాకపోతే దీనికి ర్యాంకు గీత ఉంది. ఆర్మీలో హవల్దార్ వరకు, నేవీలో దానికి సమానం పెట్టీ ఆఫీసర్ వరకు. చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైర్ అయితే లేదు. ఆఖర్లో ప్రమోషన్ వచ్చిందని పార్టీ ఇచ్చినాయన ఒకాయన, ఆ ప్రమోషన్ వల్లే గ్రాంటు పోయిందని తెలిసి "అప్పుడు వద్దనాల్సింది రా బాబూ" అని నవ్వుకుంటూ వెళ్లాడు. పెన్షన్ తేడా చూసుకుంటే చీఫ్‌కే లాభం లెండి, అది వేరే విషయం.

యుద్ధంలో పోయినవాళ్ల పిల్లలకి పూర్తి ఫీజు ఇచ్చే పథకం కూడా ఉంది, 1971 యుద్ధం తర్వాత 1972 నుంచి మొదలైంది. దాన్ని 2017లో నెలకి పది వేలు మించకూడదని కట్టేశారు. అప్పటి నేవీ చీఫ్ అడ్మిరల్ సునీల్ లాంబా రక్షణ మంత్రికి ఉత్తరం రాశారు, చాలామంది గట్టిగా అడిగారు, 2018 మార్చిలో ఆ పరిమితి తీసేశారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే రూల్సు రాతి మీద రాసినవి కావు, అడిగితే మారతాయి, మారాయి కూడా. 2019లో ఇదే పీఎం స్కాలర్‌షిప్పుని ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో చనిపోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలకి కూడా పొడిగించారు, ఏడాదికి 500 మందికి. పోలీసుల్ని కలపొచ్చా అని ఎవరూ పేచీ పెట్టలేదు, పెట్టకూడదు కూడా.

ఇవన్నీ కేంద్రం ఇచ్చేవి. మరి మన రాష్ట్రం? ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో, ఇంజినీరింగు సీట్లలో క్యాప్ కోటా (చిల్డ్రన్ ఆఫ్ ఆర్మ్‌డ్ పర్సనల్) అని 2 శాతం ఉంది, సైనికుల పిల్లలకి. అది సీటు ఇస్తుంది, ఫీజు కట్టదు. ఫీజు కట్టేది ఫీజు రీయింబర్స్‌మెంట్, ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతుంది, విద్యా దీవెన అన్నారు, ఇప్పుడు మళ్లీ పాత పేరే. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. పన్నెండుతో భాగించండి, నెలకి 20,833. నెలకి 21,000 పెన్షన్ వచ్చే మనిషి గీత దాటేశాడు, ఆ నూట అరవై ఏడు రూపాయల కోసం కూతురి బీటెక్ ఫీజు మొత్తం ఆయన జేబులోంచే. విద్యా దీవెన టైములో అయితే ఆదాయం సంగతి అటుంచి ఇంట్లో ప్రభుత్వ పెన్షనర్ ఉంటేనే కాదు అనేవారు. పారిశుద్ధ్య కార్మికులకి మాత్రం జీతం ఎంతైనా పర్లేదని మినహాయింపు ఇచ్చారు, అది నాకు చాలా నచ్చిన రూలు, అంటే మినహాయింపు ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు అన్నమాట.

సరే, పిల్లల సంగతి ఇంతవరకు ఉంది, ఎంతోకొంత ఉంది. ఇప్పుడు ఆ అడిగినాయన దగ్గరికి వద్దాం.

2022లో అగ్నిపథ్ వచ్చేదాకా నేవీలో చేరే మామూలు సెయిలర్‌కి పదిహేనేళ్ల ఎంగేజ్‌మెంట్ ఉండేది. ఇంటర్ అవ్వగానే పద్దెనిమిదికో పంతొమ్మిదికో ఒడిశాలో చిల్కాకి ట్రైనింగుకి వెళ్లేవారు, ముప్పై మూడు ముప్పై నాలుగుకి బయటికొచ్చేసేవారు. ఆ వయసులో మనం ఇంకా ఈఎంఐలు మొదలుపెడుతుంటాం, వాళ్లు రిటైర్డ్. ఈయన పదిహేనేళ్లు ఓడ ఇంజిన్ రూమ్‌లో పనిచేశాడు, పంపు శబ్దం విని ఏ బేరింగ్ పోయిందో చెప్తాడు, మా షాపు జనరేటర్ ఓసారి మొరాయిస్తే ఆయనే చూశాడు. ఇప్పుడు ఒక అపార్టుమెంట్‌కి సెక్యూరిటీ సూపర్‌వైజర్. పరవాడ ఫార్మా సిటీలోనో అచ్యుతాపురం సెజ్‌లోనో సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగం అడుగుదామంటే డిగ్రీయో ఇంజినీరింగ్ డిప్లమోయో ఉండి దాని మీద సేఫ్టీ డిప్లమో ఉండాలంటారు. ఈయనకి ఉన్నది ఇంటర్ మెమో.

పదిహేనేళ్ల సర్వీసుని డిగ్రీతో సమానంగా చూస్తారు కదా అని అంటారు చాలామంది, నేనూ విన్నాను, షాపులో రోజూ వింటాను. చూస్తారు, కేంద్రం గ్రూప్ సీ ఉద్యోగాలకి చూస్తారు, బ్యాంకు క్లర్కు పరీక్షకి పది పాసై పదిహేనేళ్లు చేసిన ఎక్స్ సర్వీస్‌మెన్ రాసుకోవచ్చు. అక్కడితో సరి. బ్యాంకు పీఓ రాయాలంటే అసలు డిగ్రీ కావాలి, ఎంబీఏ చేరాలంటే అసలు డిగ్రీ కావాలి, ప్రైవేటు కంపెనీ హెచ్ఆర్ వాడికి ఆ సమానం సంగతి తెలీనే తెలీదు. రిటైర్ అయ్యే ముందు రీసెటిల్‌మెంట్ కోర్సులు చేయిస్తారు, డీజీఆర్ అని రక్షణ శాఖ ఆఫీసు ఒకటి వీటిని చూస్తుంది, కింది ర్యాంకుల వాళ్లకి ఫ్రీయే, కొన్ని వారాల నుంచి ఆరు నెలల దాకా ఉంటాయి, ఫైర్ సేఫ్టీ, సెక్యూరిటీ, అలాంటివి. పనికిరావు అనను. కానీ నాలుగు నెలల సర్టిఫికెట్ డిగ్రీ అవ్వదు కదా.

అయితే చదువుకోవచ్చు కదా, ఎవరు వద్దన్నారు? ఎవరూ వద్దనలేదు. ఆంధ్రా యూనివర్సిటీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ మన ఊళ్లోనే ఉంది, 1972 నుంచి. కానీ పీఎం స్కాలర్‌షిప్ పిల్లలకీ, భర్త పోయిన భార్యలకీ, ఆయనకి కాదు. ఎడ్యుకేషన్ గ్రాంట్ అదే లెక్క. క్యాప్ కోటా పేరులోనే పిల్లలు. రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ డిస్టెన్స్ వాళ్లకి లేదు, ఉద్యోగం చేసుకుంటూ రాత్రి చదువుకునే మనిషి డిస్టెన్స్ కాకపోతే ఇంకేం చదువుతాడు, పగలు కాలేజీకి వెళ్తే ఇల్లెవరు నడుపుతారు? అన్నీ పద్దెనిమిదేళ్ల కుర్రాడిని మనసులో పెట్టుకుని కుట్టిన చొక్కాలే, ముప్పై ఐదేళ్ల మనిషికి భుజాల దగ్గరే ఆగిపోతాయి.

మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు, ఫోన్లో ఈ మాటొస్తే వాడన్నాడు, అన్నయ్యా ఇక్కడ రివర్సు, ముందు సైనికుడికే, తర్వాతే పిల్లలకి అని. అప్పట్నుంచి దాని మీద చదవడం మొదలుపెట్టాను. వాళ్లకి జీఐ బిల్లు అని 1944లో రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన చట్టం ఉంది, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లలో దాదాపు 22 లక్షల మంది దాంతో కాలేజీకి వెళ్లారట. ఇప్పుడున్నది 2009 నుంచి అమల్లో ఉన్న కొత్తది, 36 నెలల చదువు, ప్రభుత్వ కాలేజీ అయితే సొంత రాష్ట్రం రేటు ఫీజు మొత్తం. తను వాడుకోకపోతే, సర్వీసు షరతులకి లోబడి, భార్యకో భర్తకో పిల్లలకో రాసివ్వొచ్చు. అంటే హక్కు మొదట ఆ మనిషిది, అక్కడినుంచి ఇంట్లోవాళ్లకి వెళ్తుంది.

దాని మీద ఒక్కో రాష్ట్రం తన సొంతది పెట్టుకుంది. టెక్సస్‌లో హేజిల్‌వుడ్ చట్టం అని, ప్రభుత్వ కాలేజీల్లో 150 క్రెడిట్ అవర్ల వరకు ట్యూషన్ ఫీజు మాఫీ, అక్కడ మామూలు డిగ్రీకి 120 క్రెడిట్లు చాలు. నాకు బాగా నచ్చింది ఫ్లోరిడాది. అక్కడ బ్రైట్ ఫ్యూచర్స్ అనే స్కాలర్‌షిప్పు స్కూలు మార్కుల మీద ఇస్తారు, స్కూలయ్యాక ఇన్నేళ్లలో వాడుకోవాలని గడువుంది. కానీ స్కూలు అవ్వగానే సైన్యంలో చేరిన పిల్లాడికి ఆ గడువు స్కూలు అయిన రోజు నుంచి లెక్కపెట్టరు, సర్వీసు నుంచి బయటికొచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. చిన్న రూలే, ఖర్చు కూడా పెద్దగా ఉండదు, కానీ ఎవడో కూర్చుని ఆ కుర్రాడి జీవితం ఎలా నడుస్తుందో ఆలోచించి రాసిన రూలు. మన ఇంటర్ మార్కులకీ ఈఏపీసెట్‌కీ ఆ ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా?

అమెరికాలో అన్నీ బాగుంటాయని చెప్పట్లేదు, అక్కడ ఇరవై ఏళ్లు చెయ్యకుండా బయటికొస్తే మనలాంటి నెలనెలా పెన్షన్ లేదు. నాలుగేళ్లు చేసి వచ్చినోడికి ఇచ్చేది ఎక్కువగా ఆ చదువే, సైన్యంలో చేర్చుకోడానికి చూపించే ఆశ కూడా అదే. మనవాళ్లకి పదిహేనేళ్లకే పెన్షన్ ఉంది కాబట్టి చదువు సంగతి ఎవరూ ఆలోచించలేదు, ఇది నా అంచనా. పెన్షన్ ఇస్తున్నాం, క్యాంటీన్ ఇస్తున్నాం, వైద్యం ఇస్తున్నాం, ఇంకేం కావాలి అనుకుని ఉంటారు.

కానీ ఆ లెక్క అగ్నివీరులకి కుదరదు. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించారు, నాలుగేళ్లు సర్వీసు, వందలో పాతిక మంది వరకే ఉంచుకుంటారు, మిగతావాళ్లు ఇంటికి. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, ఎక్స్ సర్వీస్‌మెన్ హోదా లేదు. వెళ్లేటప్పుడు సేవా నిధి అని వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు ఇస్తారు. నేవీ మొదటి బ్యాచ్ చిల్కాలో 2023 మార్చి 28న పాసింగ్ అవుట్ పెరేడ్ చేసింది, అందులో 273 మంది ఆడపిల్లలు కూడా ఉన్నారు, ఆడపిల్లల్ని సెయిలర్లుగా తీసుకోవడం నేవీకి అదే మొదలు. 2022 చివర్లో చేరారు కాబట్టి వాళ్ల నాలుగేళ్లు 2026 చివరికి నిండుతాయి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. వాళ్లే కదా అసలు కాలేజీలో ఉండాల్సినవాళ్లు! వాళ్లకి ఇగ్నో మూడేళ్ల డిగ్రీ ఒకటి పెట్టింది, ట్రైనింగుకి సగం క్రెడిట్లు ఇస్తారు, మిగతా సగం చదువుకోవాలి, మంచిదే, ఆ ఆలోచన నాకు నచ్చింది. కానీ వాడు అది కాదు, నేను బీటెక్ చేస్తాను, నర్సింగ్ చేస్తాను అంటే ఫీజు ఎవరు కడతారు? సేవా నిధి ఉంది కదా అంటారు. మా దగ్గర ఇళ్లల్లో పదకొండు లక్షలు ఒక్కసారి చేతికొస్తే ఏమవుతుందో నాకు తెలుసు, అక్క పెళ్లి, నాన్న అప్పు, ఇంటి మీద స్లాబు. కాలేజీ ఫీజు ఆఖర్న ఉంటుంది. కుర్రాడిది తప్పని అనలేం, ఇల్లు అలా ఉంటుంది.

ఈ మాట షాపులో అన్నందుకు నాతో ఒకాయన గొడవపడ్డాడు, ఆటో నడుపుతాడు, కూతురు ఇంజినీరింగు. "పెన్షన్ తీసుకునేవాళ్లకి మళ్లీ ఫీజులేటండీ, మా పిల్లకి రావాల్సిన ఫీజే సర్కారు కాలేజీకి కట్టలేదు, కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఆపుతామంటున్నారు, ముందు మాది తేల్చండి" అని. ఆయన మాటలో తప్పేం లేదు. ఉన్నవాళ్లకి టైముకి ఇవ్వకుండా కొత్తవాళ్లని చేరిస్తే బకాయిలు పెరగడం తప్ప ఇంకేం జరగదు, ఇది నేను ఒప్పుకుంటాను. అందుకే అందరికీ అంతా ఫ్రీ అని నేను అడగట్లేదు. ఆఫీసర్‌గా రిటైర్ అయ్యి పెద్ద కంపెనీలో ఉన్నవాళ్లకి అక్కర్లేదు, వాళ్లు అడగరు కూడా. డిస్టెన్స్ డిగ్రీ ఫీజు ఇంజినీరింగు ఫీజులో చిన్న ముక్క, అదీ ఈ జిల్లాలో చదువుతాను అని వచ్చే ఎక్స్ సర్వీస్‌మెన్ ఎంతమందుంటారు, జనం తిరనాళ్లలా వచ్చి పడరు. ఆ ఆటో ఆయనకి ఇదంతా చెప్తే "సరే గానీ ముందు మాది" అన్నాడు. సరే.

మా ఏరియా ఎక్స్ సర్వీస్‌మెన్ పెద్దలు కొందరు కలిసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వడానికి ఒక అర్జీ రాయిద్దామన్నారు. టైప్ చేసేది నేనే కాబట్టి నా సలహాలు నేనూ ఇరికించాను. మొదటిది ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో ఎక్స్ సర్వీస్‌మెన్ ఇంటికి మిలిటరీ పెన్షన్ని ఆదాయంలో లెక్కపెట్టొద్దని, పారిశుద్ధ్య కార్మికులకి ఇచ్చినట్టే ఒక మినహాయింపు. రెండోది ఎక్స్ సర్వీస్‌మెన్ స్వయంగా చదివితే, డిస్టెన్స్ అయినా, ఒక్క డిగ్రీకి ఫీజు ఇవ్వమని. మూడోది కేంద్రానికి రాష్ట్రం రాయమని, పీఎం స్కాలర్‌షిప్పులో బీఏ, బీఎస్సీ, బీకామ్ కూడా కలపమని.

నాలుగోది అగ్నివీరులది, అక్కడే పేచీ వచ్చింది. ఒక పెద్దాయన, మాస్టర్ చీఫ్‌గా చేసి వచ్చినాయన, "వాళ్లు మన కేటగిరీ కాదు నాయనా, వాళ్లకి హోదాయే లేదు, వాళ్లని కలిపితే మన అర్జీ కూడా పక్కన పడేస్తారు" అన్నాడు. ఇంకొకాయన కొడుకు అగ్నివీర్, విశాఖలోనే ఓడ మీద ఉన్నాడు, ఆయన ఏం మాట్లాడలేదు, కుర్చీలోంచి లేచి బయట టీ కొట్టు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను అన్నాను, బాబాయ్ గారూ, హోదా లేదు కాబట్టే కదా అడగాలి, హోదా ఉంటే అప్లికేషనే పెట్టేద్దుం. చాలాసేపు వాదించుకున్నారు, వాళ్లలో వాళ్లు హిందీలోకి కూడా వెళ్లిపోయారు, కోపమొస్తే నేవీ వాళ్లకి హిందీయే వస్తుంది.

ఆఖరికి తెగింది ఏటంటే పేరా ఉంచారు, కానీ అగ్నివీరులని విడిగా రాయకుండా "నాలుగేళ్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ త్రివిధ దళాల్లో సేవ చేసి బయటికి వచ్చిన ఎవరైనా" అని రాయించారు. ఆ మాట పెట్టింది మాస్టర్ చీఫ్ గారే. సంతకాల కాగితం షాపులో పెట్టాను, ఎక్స్ సర్వీస్‌మెన్ ఎవరైనా వచ్చి పెట్టొచ్చు, ఈఎస్ఎం (ఎక్స్ సర్వీస్‌మెన్) కార్డు జిరాక్సు ఒకటి తెచ్చుకోండి, లేకపోతే ఒరిజినల్ తెండి, జిరాక్సు నేనే తీస్తాను, దానికి డబ్బులక్కర్లేదు.